బండి అప్పగించిన తరువాత

మోటారు సైకిలు మరమ్మతు కళాశాల వార్షిక సంచికలో చర్చించదగిన విషయమేనా అని కొందరు ప్రశ్నించవచ్చు. సాహిత్యానికి, శీలనిర్మాణానికి, దేశాభ్యుదయానికి కేటాయించవలసిన పుటలలో క్లచ్ ప్లేట్ల ప్రసక్తి ఎందుకని పెద్దలు పెదవి విరవవచ్చు. కాని ఉదయం తొమ్మిదిన్నరకు మన కళాశాల ద్వారం వద్ద పావుగంట నిలబడి చూచిన వారెవరికీ ఈ సందేహం కలుగదు. వచ్చే బండ్లలో కొత్తవి వ్రేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. తక్కినవన్నీ రెండవ చేతికో మూడవ చేతికో మారినవి. ఒకడు తెల్లవారుజామున పాలు పోసి అదే బండిమీద తరగతికి వస్తాడు. ఇంకొకడు సాయంకాలం నుండి అర్ధరాత్రి వరకు ఇంటింటికీ భోజనపు పొట్లాలు చేరవేస్తాడు. మరొకని బండి తండ్రిది. మధ్యాహ్నానికల్లా తిరిగి ఇవ్వకపోతే ఆయన సంతకు పోలేడు. ఇట్టివారి బండి వారం రోజులు షెడ్డులో పడి ఉన్నదంటే ఇంట్లో వారం రోజుల రాబడి పోయిందని అర్థం. పరీక్ష రుసుము కట్టవలసిన నెలలో ఆ దెబ్బ తగిలితే చదువు కూడా అక్కడే ఆగిపోవచ్చు. ఆగిపోయిన వారు మనలో ఉన్నారు.

మరమ్మతు దుకాణంలో మోసం ఇతర దుకాణాలలోని మోసం వంటిది కాదు. బియ్యం కొలత తగ్గితే ఇంటికి వచ్చి తూచుకోవచ్చు. గుడ్డ రంగు వెలిస్తే కంటికి కనబడుతుంది. ఇంజిన్ లోపల పిస్టన్ రింగులు మార్చారో, పాతవే తుడిచి పెట్టారో కొనుగోలుదారు ఎన్నటికీ చూడలేడు. బండి నడిస్తే మార్చారనుకుంటాడు. నడవకపోతే మరో భాగం చెడిందనుకుంటాడు. అమెరికా ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల అంగడిని ఉదాహరణగా తీసుకొని, అమ్మేవానికి తెలిసినది కొనేవానికి తెలియనప్పుడు మంచి సరకు అంగడినుండి ఎట్లు తప్పుకుంటుందో నిరూపించాడు. ఈ కృషికే 2001లో ఆయనకు నోబెల్ పురస్కారంలో భాగం లభించింది. డార్బీ, కార్నీ అనే మరి ఇద్దరు 1973లో ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళి, కొన్న తరువాత కూడా నాణ్యత తెలియరాని సేవలు కొన్ని ఉన్నాయని, అక్కడ నమ్మకం తప్ప కొనేవానికి వేరే ఆధారం లేదని చూపారు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ పాఠాన్ని పుస్తకంలో చదువుతారు. దాని ప్రయోగశాల మన బస్టాండు వెనుక వీధిలోనే ఉన్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. పొగ గొట్టంనుండి నీలిరంగు పొగ వస్తున్నదంటే ఇంజిన్ ఆయిల్ మండుతున్నదని అర్థం; ఇంతవరకు వివాదం లేదు. కాని ఆ ఆయిల్ ఎక్కడినుండి లోపలికి దిగుతున్నది? తెల్లవారి తొలిసారి స్టార్టు చేసినప్పుడు కొంచెంసేపు పొగ వచ్చి ఆగిపోతే, వాల్వు సీళ్ళు గట్టిపడి రాత్రంతా ఆయిల్ జారిందని అనుమానించాలి. బండి లాగినప్పుడల్లా ఎడతెగక వస్తూంటే రింగులు, బోరు అరిగి ఉండవచ్చు. మొదటిది చిన్న రబ్బరు ముక్కల వ్యవహారం. రెండవది ఇంజిన్ దించి, లేత్ పనికి పంపి, కొత్త పిస్టన్ వేయవలసిన పని. ఈ రెండింటి ఖర్చుకు ఎక్కడా పొంతన లేదు. చెడ్డ దుకాణదారుడు మొదటి రోగానికి రెండవ మందు వేస్తాడు. పొగ ఆగుతుంది, ఎందుకంటే ఎట్లాగూ విప్పాడు గనుక సీళ్ళు కూడా మార్చాడు. విద్యార్థి సంతోషంగా డబ్బు చెల్లించి, పదిమందికి ఆ దుకాణం పేరు చెబుతాడు. ఇట్లే క్లచ్ జారుతున్నదని వెళ్ళినవాని బండికి తీగ సర్దుబాటు చేస్తే సరిపోయేచోట ప్లేట్లన్నీ మార్చటం, మైలేజీ తగ్గిందంటే మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరును వదలి ఇంజిన్‌మీదికి పోవటం నిత్యం జరిగేవే.

ఇందులో అంతా దురుద్దేశమేనని నేను అనను. ఒకప్పటి రాజ్‌దూత్, యెజ్డీ బండ్ల కాలంలో ప్లగ్గు విప్పి తుడవటం, కార్బురేటరు శుభ్రం చేయటం యజమానికి కూడా తెలిసిన పనులే. 1985లో హీరో హోండా వారి నాలుగు స్ట్రోకుల బండి వచ్చిన తరువాత మెకానిక్కులు కొత్త పాఠం నేర్చుకున్నారు. కష్టపడి నేర్చుకున్నారు, బాగా నేర్చుకున్నారు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 ప్రమాణాలు అమలులోకి రాగా కార్బురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షను, దానికి తోడు సెన్సార్లు వచ్చి చేరాయి. మీటరులో పసుపుపచ్చని దీపం వెలిగితే అది ఏమి చెబుతున్నదో చదవటానికి వేరే పరికరం కావాలి. ఆ పరికరంగాని శిక్షణగాని లేని చిన్న షెడ్డువాడు ఏమి చేస్తాడు? నాకు తెలియదని చెబితే గిరాకీ పోతుంది. అందుచేత ఊహించి ఒక భాగం మారుస్తాడు. అది కాకపోతే ఇంకొకటి మారుస్తాడు. అతని ఊహలన్నింటికీ ధర చెల్లించేవాడు విద్యార్థి. అజ్ఞానాన్ని దాచుకొనటానికి చేసిన ఈ పని డబ్బు పోగొట్టుకున్నవానికి మోసంతో సమానమే. కాని దానితో వ్యవహరించే పద్ధతి వేరు. దొంగను నిలదీయాలి. తెలియనివానికి తెలియదని ఒప్పుకొనే అవకాశం ఇవ్వాలి. “ఉస్తాద్, ఇది మీ చేతిలో పని కాకపోతే చెప్పండి, విప్పినందుకు కూలి ఇచ్చి తీసుకుపోతాను” అని మర్యాదగా అన్నవానికి నిజం తెలిసిన సందర్భాలు అనేకం నేను ఎరుగుదును.

ఈ వృత్తి మనకు పరాయిది కాదని కూడా ఇక్కడ చెప్పాలి. మన ఊరి మెకానిక్కులలో ఎక్కువమంది మన విద్యార్థుల తండ్రులు, మేనమామలు, అన్నలు. షెడ్డులో వాడే మాటలే ఇందుకు సాక్ష్యం. ఉస్తాద్, షాగిర్ద్, కార్ఖానా అన్న మాటలు అక్కడ ఇంకా సజీవంగా ఉన్నాయి. మరమ్మతు అన్న మాట అరబీనుండి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, పల్లెటూరి రైతు నోట కూడా సొంతమాటగా కుదురుకున్నది. రసీదు, హామీ కూడా ఉర్దూ మీదుగానే వచ్చాయి. దగా కూడా ఆ దారినే వచ్చిందనుకోండి! వీటన్నింటికంటె నాకు విలువైనదిగా తోచేది అమానత్ అన్న మాట. ఒకరు నమ్మి మనవద్ద ఉంచిన వస్తువు అమానత్. దానిని ఉన్నది ఉన్నట్లు తిరిగి ఇవ్వటం ఇచ్చినవాని బలాన్నిబట్టిగాని, పుచ్చుకున్నవాని అవసరాన్నిబట్టిగాని మారేది కాదు. పాతతరం ఉస్తాదులు బండి తాళపుచెవిని పుచ్చుకొనేటప్పుడు ఈ భావంతోనే పుచ్చుకునేవారు. అట్టివారు ఇప్పటికీ ఉన్నారు. చెడ్డ దుకాణదారుని వలన మనకంటె ఎక్కువ నష్టపోతున్నది వారే. తక్కువ ధర చెప్పి పిలిచి, బండి విప్పిన తరువాత పెంచేవాని పక్కన, మొదటే ఉన్నమాట చెప్పేవాడు ఖరీదైనవాడుగా కనిపిస్తాడు.

చట్టం ఏమంటున్నదో మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. 1872నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఒక వస్తువును ఒక పనికోసం ఇతరులకు అప్పగించటాన్ని బెయిల్‌మెంట్ అన్నారు; 148వ సెక్షన్ నుండి ఆ అధ్యాయం మొదలవుతుంది. అప్పగింత పుచ్చుకున్నవాడు, సామాన్య వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎట్లు చూచుకుంటాడో అట్లు ఈ వస్తువును చూడాలని 151వ సెక్షన్ చెబుతున్నది. మన బండిమీద షెడ్డు కుర్రవాడు టీ తేవటానికి పోయి పడవేస్తే? 154వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చదివితే ముచ్చట వేస్తుంది. అందులో ఒకడు తాను మాత్రమే స్వారీ చేస్తానని గుర్రాన్ని అడిగి పుచ్చుకొని, తన ఇంటివానికి ఇస్తాడు. ఆ ఇంటివాడు జాగ్రత్తగానే నడిపాడు, అయినా గుర్రం పొరపాటున పడి గాయపడింది. పుచ్చుకున్నవాడే నష్టపరిహారం ఇచ్చుకోవాలని చట్టం తేల్చింది. గుర్రానికి బదులు నూరు సి.సి. బండి అనుకొని చదువుకుంటే చాలును.

దుకాణదారుని పక్షాన కూడా చట్టం ఉన్నది. దీనిని దాచి చెప్పటం న్యాయం కాదు. శ్రమ, నైపుణ్యం వెచ్చించి పనిచేసినవాడు తన కూలి అందేవరకు ఆ వస్తువును తనవద్ద ఉంచుకొనవచ్చునని 170వ సెక్షన్ అంటున్నది. నగిషీ చేసిన వజ్రాన్ని కూలి ముట్టేదాకా నగలవర్తకుడు ఇవ్వనక్కరలేదన్నది దాని ఉదాహరణ. అందుచేత డబ్బు ఇవ్వకుండా బండి లాగుకొని వస్తామనటం చెల్లదు. అయితే అప్పగింత ఉద్దేశానికి అనుగుణంగా చేసిన పనికి మాత్రమే ఈ హక్కు అన్న మాటలు ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. క్లచ్ కోసం ఇచ్చిన బండికి అడగకుండా బోరు వేయించి, ఆ డబ్బుకోసం బండిని ఆపటం ఆ మాటల కిందికి ఎట్లు వస్తుంది? కాని నేను క్లచ్ పని మాత్రమే చెప్పానని ఋజువు చేయగలిగినవాడే ఈ ప్రశ్న వేయగలడు. మన చిక్కంతా అక్కడ ఉన్నది. నోటిమాటకు సాక్ష్యం లేదు.

ఇక గత సంవత్సరం జరిగిన ఒక సంగతి. ఎవరి పేరూ చెప్పను. దుకాణం పేరు అసలే చెప్పను. మన విద్యార్థి ఒకడు రెండువేల రెండువందల రూపాయల పని అని విని బండి ఇచ్చాడు. నాలుగు రోజుల తరువాత ఇంజిన్ ముక్కలుగా విప్పి గోనెపట్టామీద పరచి ఉన్నది. అడిగినది తొమ్మిదివేలు పైచిలుకు. కాదంటే ఉన్నది ఉన్నట్లు తీసుకుపొమ్మన్నారు. ఆ కుర్రవాడు బతిమాలాడు, బెదిరించాడు, చివరకు స్నేహితులకు ఫోను చేశాడు. పదిమంది వెళ్ళారు. ఉస్తాద్ ఆ సమయానికి సామాను కొనటానికి బజారుకు పోయాడు. షెడ్డులో ఉన్న షాగిర్దు చెంప పగిలింది. అతడు ధర చెప్పినవాడు కాదు, డబ్బు పుచ్చుకొనేవాడు కాదు, రోజుకూలికి నట్లు విప్పేవాడు. ఆ షాగిర్దు తమ్ముడు మన కళాశాలలోనే ఇంటర్ చదువుతున్నాడని మరునాడు తెలిసింది. పోలీసు స్టేషన్‌లో పెద్దమనుషులు కూర్చొని రాజీ చేశారు గాని, ఆ తమ్ముడు మరి తరగతికి రాలేదు. ఈ పది మందిని శిక్షించాలా వద్దా అని కార్యవర్గం రెండు సమావేశాలలో చర్చించింది. నా మట్టుకు నాకు, ఆ తమ్ముని ఇంటికి ఎవరూ వెళ్ళి పిలవకపోవటమే ఎక్కువ బాధగా ఉన్నది. అడ్మిషన్ రిజిస్టరులో అతని పేరు ఇంకా కొట్టివేయలేదు.

మందిని వెంటబెట్టుకొని పోవటాన్ని పౌరుషమని భావించే విద్యార్థులకు ఒక మాట. విప్పిన ఇంజిన్ దుకాణదారుని చేతిలో ఉన్నంతవరకు బలం అతనిదే. పదిమంది అరిచినందువలన అందులోని రింగు మంచిదైపోదు. పైగా కోపంతో బిగించిన ఇంజిన్ ఎట్లు నడుస్తుందో వేరే చెప్పాలా? బలం మన వద్ద ఉండేది ఒక్కసారే. తాళపుచెవి ఇంకా మన జేబులో ఉన్నప్పుడు. ఆ సమయంలో రెండు నిమిషాలు ఖర్చుపెట్టటానికి సిగ్గుపడతాము. రాసి ఇమ్మంటే ఉస్తాద్ ఏమనుకుంటాడోనని మొహమాటపడతాము. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉన్నది, బ్యాటరీ ఏ కంపెనీది, ఏ పనికి ఇస్తున్నాము, ఎంతకు మించితే అడగకుండా చేయకూడదు, ఇవి ఒక కాగితంమీద ఉండాలి. చేతిలో ఫోను ఉన్నవాడు మీటరుకు, ఇంజిన్ నంబరుకు ఫోటో తీసుకొనవచ్చు. తీసివేసిన పాత సామాను నాకు కావాలని మొదటే చెప్పాలి, చివర కాదు. ఈ ఒక్కమాట విన్న తరువాత మార్చనిదానిని మార్చానని చెప్పటానికి చాలామంది జంకుతారు. ఇంజిన్ ఆయిల్ సీలు తీయని డబ్బాతో ఎదుట పోయించుకోవాలి. విప్పిన తరువాత ధర పెరిగిందని కబురు వస్తే ఫోనులో సరేననక, స్వయంగా వెళ్ళి అరిగిన భాగాన్ని చూడాలి. నిజాయితీగలవాడు చూపుతాడు, చూపటం అతనికీ సంతోషమే.

అంతా అయిపోయిన తరువాత, అనగా బండి ముక్కలై, నమ్మకం పోయిన తరువాత, రెండే మార్గాలు. విప్పిన కూలి తేల్చి ఇచ్చి, భాగాలన్నీ లెక్కపెట్టి సంచిలో కట్టించుకొని, ట్రాలీ ఆటోలో మరొక ఉస్తాద్ వద్దకు చేర్చటం ఒకటి. నట్లు, వాషర్లతో సహా లెక్కచూచుకోవాలి. తెలిసినవానిని ఒకరిని వెంట తీసుకుపోవటం మంచిది, పదిమందిని కాదు. రెండవది, పని పూర్తి చేయించుకొని, అభ్యంతరంతో చెల్లిస్తున్నానని రసీదుమీద రాసి బండి తెచ్చుకొని, తరువాత వినియోగదారుల కమిషన్‌కు పోవటం. ఫోనులో చెల్లింపు చేస్తే తేదీతో సహా ఆధారం మిగులుతుంది. 1986నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలు లేకుండా తానే వాదించుకొనవచ్చు. గడువు రెండు సంవత్సరాలు. అంతకు ముందు 1915 అనే నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. తొమ్మిదివేల రూపాయలకోసం కమిషన్ మెట్లు ఎక్కటం దండగ అనేవారితో నేను వాదించను. తేదీల చుట్టూ తిరగటంలో కూలిపోయే మాట నిజమే. అయినా ఫిర్యాదు నోటీసు చేతికి అందిన దుకాణదారుడు తరువాతి విద్యార్థికి చెప్పే ధర వేరుగా ఉంటుంది.

కంపెనీ సర్వీసు కేంద్రానికే పోతే ఈ గొడవలేవీ ఉండవు గదా అని మన సహోద్యోగులు కొందరు అంటారు. అక్కడ జాబ్‌కార్డు రాస్తారు, బిల్లు ఇస్తారు, ఈ క్రమశిక్షణ మెచ్చదగినదే. హామీకాలం ఉన్న కొత్త బండికి అదే సరియైన చోటు. కాని పదిహేనేళ్ళ పాతబండిని అక్కడికి తీసుకుపోతే, బాగుచేయదగిన భాగాన్ని కూడా మార్చివేయటమే వారి పద్ధతి. పేదవానికి కావలసినది మార్పిడి కాదు, మరమ్మతు. అరిగినదానిని అతికి, సానపట్టి, లేత్‌మీద సరిచేసి మరి రెండేళ్ళు నడిపించే విద్య ఉస్తాదుల వద్ద ఉన్నది. ఆ విద్య నశిస్తే పాతబండ్లు గలవారందరూ నష్టపోతారు.

కనుక కార్యవర్గ సభ్యులకు నా విన్నపం ఒక్కటే. తరగతిలో వక్తృత్వపు పోటీలు పెట్టటానికి మనం ఖర్చుచేసే దానికంటె తక్కువలో, అరకాగితం పరిమాణంలో ఒక పని చీటీని కళాశాల పక్షాన అచ్చువేయించవచ్చు. కుడివైపు ఉర్దూలో, ఎడమవైపు తెలుగులో. ఇది అలంకారానికి చెప్పటంలేదు. మన ఊరి ఉస్తాదులలో పలువురు ఉర్దూ మాత్రమే చదువగలరు. మన విద్యార్థులలో సగంమంది తెలుగు మాత్రమే చదువగలరు. ఒకరు రాసినది మరొకరికి తెలియనందువలననే ఇప్పటివరకు నోటిమాటమీద వ్యవహారం నడిచింది. చీటీ రెండు ప్రతులుగా ఉండాలి, ఒకటి దుకాణంలో, ఒకటి విద్యార్థి వద్ద. పని ముగిసిన తరువాత మొదట చెప్పిన ధర, చివర పుచ్చుకున్న ధర, పాత సామాను ఇచ్చారా లేదా అన్న మూడు విషయాలను గ్రంథాలయంలో ఉంచే ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. తిట్లుగాని, అభిప్రాయాలుగాని అందులో రాయరాదు, అంకెలు మాత్రమే. ఏడాది గడిచేసరికి ఎవరు ఎట్టివారో ఆ అంకెలే చెబుతాయి, మంచి ఉస్తాదులకు గిరాకీ దానంతట అదే చేరుతుంది. చీటీ చూచి మొదట కొందరు చిరాకుపడతారు. ఆ సంగతి నేను ముగ్గురు వృద్ధ మెకానిక్కులతో మాట్లాడి తెలుసుకున్నాను. ఇద్దరు సంతకం చేయటానికి ఒప్పుకున్నారు. మూడవ ఆయన, ధర ముందే రాస్తే లోపల కొత్తగా బయటపడిన దోషానికి ఏమి చేయాలని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. “విప్పిన తరువాత కనబడినవి” అని ఒక గడి అందుకోసమే చేర్చాను. ఆ గడి నింపినప్పుడు యజమాని మళ్ళీ సంతకం చేయాలి.

తెలుగు భాగం నమూనా గ్రంథపాలకుని వద్ద ఉంచాను. ఉర్దూ భాగాన్ని ఉర్దూ శాఖ అధ్యాపకులు సరిచూచి ఇస్తే, కార్యవర్గం వచ్చే సమావేశంలోనే నిర్ణయం తీసుకొనవచ్చు. రిజిస్టరు కొనటానికి డబ్బు అవసరం లేదు; కార్యాలయంలో నిరుడు వాడనివి రెండు మిగిలి ఉన్నాయి.